క్లాడియస్ తరఫున కావ్యశ్రీ

పోయినేడు స్కూలు డిబేట్‌లో ఎవరో అడ్డు ప్రశ్న వేస్తే కావ్యశ్రీకి నోట మాట రాలేదు. అందరి ముందూ ఏడ్చేసి స్టేజీ దిగిపోయింది. అప్పటినుంచి స్కూల్లోనూ ఇంట్లోనూ ముక్తసరి మాటలే. భోజనం కాగానే పై గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేది.

అమ్మమ్మ అలివేలుమంగ తన జీవితంలో చాలామందిని సాగనంపింది. కట్టుకున్నవాడూ, తోడబుట్టిన అక్కా గడప దాటి వెళ్లినవాళ్లే. ఈ పిల్ల మాత్రం ఇంట్లో ఉండగానే దూరమైపోతోంది. ఆ దిగులుతో ఆవిడ మెట్ల కింద నిలబడి ఆ మూసిన తలుపుకేసి చూస్తుండేది.

ఈ ఏడు మళ్లీ డిబేట్ వచ్చింది. రోమన్ చక్రవర్తి క్లాడియస్ సమర్థుడైన పాలకుడా, కాదా? చీటీల్లో కావ్యశ్రీకి అతని తరఫున మాట్లాడే వంతు పడింది.

"అందరూ నవ్విన ఎంపరర్ అమ్మమ్మా. నడిస్తే లింప్, మాట్లాడితే స్టామర్. తెర వెనక దాక్కుంటే సోల్జర్స్ లాక్కొచ్చి సింహాసనం మీద కూర్చోబెట్టారు. ఐ విల్ లూజ్."

"వచ్చిన దారి సంగతి తర్వాత చూద్దాంలే. కూర్చున్నాక ఏం చేశాడు?"

కావ్యశ్రీ భుజాలెగరేసి పైకి వెళ్లిపోయింది. ఐదో తరగతితో బడి మానేసినా అలివేలుమంగ దొరికిన పుస్తకమల్లా చదువుతూ వచ్చిన మనిషి. ఇంగ్లండులో వాళ్లుండే బేసింగ్‌స్టోక్ ఊరి లైబ్రరీ నుంచి రోమన్ల పుస్తకం తెచ్చుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని కూర్చుంది. భోజనాల దగ్గర కబురు విప్పింది.

"రోమ్‌లో తిండిగింజల్లేక జనం అతని మీద రొట్టెముక్కలు విసిరారట. అప్పుడు చలికాలంలో కూడా ఓడలు నడపమన్నాడట. తుఫానులో మునిగితే ఆ నష్టం తనదేనన్నాడట."

ఇన్సూరెన్సు కంపెనీలో పనిచేసే అల్లుడు చలపతి చేతిలో ముద్ద అలాగే ఆపాడు. "అత్తయ్యగారూ, అది మా వ్యాపారమే కదండీ! చలికాలం, సముద్రం, పాత ఓడ అంటే మా మేనేజరు ఫోన్ పెట్టేసి పారిపోతాడు."

కావ్యశ్రీ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు పట్టుకుని అలివేలుమంగ ముందుకు వెళ్లింది. తెనాలిలో తాను చూసిన అవధానం గురించి చెప్పింది. చుట్టూ కూర్చుని ప్రశ్నలు వేస్తుంటారు, ఒకాయన పనికిరాని మాటలతో అడ్డం వస్తుంటాడు, అయినా అవధాని ఆగిన చోటునుంచే పద్యం అందుకుంటాడు. "మనమూ అలా ఆడదామే," అంది.

ఆదివారం నుంచి డైనింగ్ టేబులే సభ అయింది. హాస్పిటల్ డ్యూటీల రోటా చూసుకుని కావ్యశ్రీ వాళ్లమ్మ నీలిమ కూడా కూర్చునేది.

"సెనేటర్లని చంపించాడు. అదీ పాలనేనా?" అంది నీలిమ.

"చంపించాడు. తప్పే. ఐ వోంట్ హైడ్ ఇట్. బట్..."

"మీ క్లాడియస్‌కి గోంగూర పడేదా?" అలివేలుమంగ అందుకుంది.

"అమ్మమ్మా! దట్స్ నాట్ ఫెయిర్!"

"ఫెయిరుగా అడ్డుపడేవాళ్లు ఎక్కడుంటారే? ఊఁ, కానియ్."

మొదట్లో పిల్ల తడబడి కోపంతో కుర్చీ నెట్టేసేది. కానీ తలుపు వేసుకోవడం మానేసింది. ఒకనాడు గోంగూర మాట రాగానే తాపీగా అంది: "గోంగూర రోమ్‌కి రాలేదు, ఈజిప్ట్ గోధుమలు వచ్చాయి. ఎలాగంటే..." చలపతి బల్ల గుద్ది నవ్వాడు.

డిబేట్ రోజు స్కూలు హాలు నిండిపోయింది. వెనక వరసలో అలివేలుమంగ అల్లుడి పక్కన కూర్చుంది. కావ్యశ్రీ ఓడల గురించి చెబుతుండగానే ఎదుటి పక్షం కుర్రాడు ఆలివర్ లేచాడు.

"సొంత కొడుకుని పక్కకి నెట్టి సవతి కొడుకు నీరోని తెచ్చాడు. వారసుణ్ణి ఎంచుకోవడం చేతకానివాడు సమర్థుడా?"

ఇంట్లో ఎవరికీ తట్టని ప్రశ్న. కావ్యశ్రీ పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. అలివేలుమంగ అల్లుడి చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇక దిగిపోతుంది, మళ్లీ ఆ తలుపు వెనక్కి వెళ్లిపోతుంది అనుకుంది.

కావ్యశ్రీ దిగలేదు. గ్లాసు తీసి నీళ్లు తాగి, కుర్రాడికేసి తిరిగి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఆ ఇంగ్లీషులో ప్రతి మాటా అలివేలుమంగకు అర్థమైంది.

"ఇల్లు చక్కబెట్టుకోలేదు. ఒప్పుకుంటాను. ఆ తప్పుకి, నీరో తల్లి పెట్టిన విషంతో అతని ప్రాణమే పోయిందంటారు. కానీ మనం తీర్పు చెప్పేది తండ్రి మీద కాదు, పాలకుడి మీద. ఆకలితో ఉన్న ఊరు అతని చేతికొచ్చింది. ఆ ఊరికి ఓడరేవు కట్టడం మొదలుపెట్టాడు. నీరో తన నాణెం మీద గొప్పగా వేయించుకున్న బొమ్మ ఏమిటో తెలుసా? ఆ రేవే!"

ఆలివర్ మళ్లీ లేవబోయాడు. "కూర్చో, నేను ఇంకా పూర్తి చెయ్యలేదు," అంది కావ్యశ్రీ. హాలంతా ఘొల్లున నవ్వింది. ఆమె ఓడల దగ్గర ఆగిన వాక్యాన్ని ఆగిన చోటునుంచే అందుకుంది.

చివర్లో టీచరు, క్లాడియస్ సమర్థుడనే విద్యార్థుల్ని చేతులెత్తమంది. ముందు వరసల్లో చేతులు గుంపులుగా లేచాయి.

"అత్తయ్యగారూ, ఓటు పిల్లలకేనండీ," చలపతి గొణిగాడు.

"నాకూ తెలుసు నాయనా," అంటూ అలివేలుమంగ లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తింది.