రుచి చూడని కూర

ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలంలో ఎవరు ఏం వదులుకుంటారో మరియమాత పటం ముందు పైకి చెప్పాలి. మా ఇంటి అలవాటు అది. మనసులో అనుకుంటే చెల్లదు. నా భార్య లూర్దమ్మ బతికి ఉన్నప్పుడు పెట్టిన పద్ధతి. ఆమె పోయినా అది పోలేదు.

ఆ ఏడు తపస్సు మొదలయ్యే విభూది బుధవారం సాయంత్రం జపమాల అయిపోయాక నా కొడుకు ప్రభాకర్ ముందుగా చెప్పాడు.

"నేను బూతులు బంద్ పెడుత."

కోడలు శ్రీవాణి పకపకా నవ్వింది. ప్రభాకర్ వంట మాస్టర్. ఫంక్షన్లకు వండుతాడు. పొయ్యి దగ్గర వాడి నోరు మంట కంటే ముందు లేస్తుంది.

"పొయ్యి కాడ నిలబడి బూతులు బంద్ పెడ్తవా? సూద్దాం. రేపు పొద్దుగాల్లనే తెలుస్తది" అంది.

"నువ్వేం ఇడుస్తవ్?"

"నీ మీద అలుగుడు."

"అయితే నీకే కష్టం" అన్నాడు వాడు.

తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు. నాకేమీ తట్టలేదు. చుట్ట ఎప్పుడో మానేశాను. కల్లు ముట్టను.

"మామా, నువ్వు మౌనం ఇడువు. నోరు ఇప్పితే ముత్యాలేం రాలిపోవు" అంది కోడలు.

నేను తల ఊపాను.

"గిదేనా ఇడుసుడు!" అని ఇద్దరూ నవ్వారు.

మా కుటుంబం అంతే. పోట్లాడుకుంటాం, మళ్లీ అదే పటం ముందు మోకాళ్లు వేస్తాం. మా గొంతులు వీధి చివరిదాకా వినబడతాయని మా గుడి పెద్ద చౌరయ్య ఎప్పుడూ ఎత్తిపొడుస్తాడు. ఆయన ఇంట్లో గొంతులు వినబడవు. ప్రార్థనా వినబడదు.

పవిత్ర శుక్రవారం దగ్గర పడింది. క్రీస్తు సిలువ మీద ప్రాణం విడిచిన రోజు. ఆ రోజు మేము పచ్చి మంచినీళ్లు కూడా ముట్టం. ఫాదర్ గారు అంత గట్టిగా చెప్పలేదు. నా వయసు వాళ్లకు ఉపవాసం అక్కర్లేదని కూడా అన్నారు. అది మా పట్టు. సరిగ్గా ఆ రోజుకే ప్రభాకర్ ఒక పని ఒప్పుకుని వచ్చాడు. దౌల్తాబాద్ వైపు భూములున్న రాజశేఖర్ పటేల్ మా సిద్దిపేటలో కొత్త ఇల్లు కట్టాడు. అక్కడ ఆయన బిడ్డకు చీర కట్టించే ఫంక్షన్. మటన్ కూర, బగార అన్నం.

"గా రోజే దొరికిందా నీకు?" అని శ్రీవాణి లేచింది.

"ఉపవాసం ఉన్నోడు వండొద్దని యాడ రాసుంది? తినొద్దన్నరు, వండొద్దనలే. పటేల్‌కు ముందుగాలనే చెప్పిన. మాకు ఉపవాసం, మూడింటికి గుడికి పోయి మళ్లొస్తమని. సరే అన్నడు."

"ఆయనకు ఇనబడ్డదా?"

"చెయ్యి ఊపిండు."

"ఈగను కొట్టుకున్నడేమో" అంది.

ప్రభాకర్‌కు పనిలో తోడు అన్సార్. ఎప్పటినుంచో ఇద్దరూ కలిసే వండుతారు. ఆ ఏడు రంజాన్ కూడా అప్పుడే వచ్చింది. అన్సార్‌కూ రోజా. కూర కింద మంట వేసే నేను ఉపవాసం. ఉల్లిగడ్డలు కోసే కోడలు ఉపవాసం. ఇద్దరు మాస్టర్లూ ఉపవాసం. ఆ పొయ్యి చుట్టూ ఉప్పు చూసే నాలుక ఒక్కటీ లేదు.

"చేతి కొలత ఉంది కదా, భయం దేనికి" అన్నాడు ప్రభాకర్.

ఆ శుక్రవారం పొద్దున్నే పటేల్ ఇంటి వెనక షామియానా కింద పొయ్యిలు పెట్టాం. మధ్యాహ్నానికి కూర ఉడికింది. అన్సార్ చేతులు కడుక్కుని టోపీ పెట్టుకున్నాడు.

"ప్రభాకరన్నా, జుమ్మా నమాజ్‌కు పోయొస్త. నా పొయ్యి నీదే."

"పోయిరా భాయ్. నా కోసం గూడ అడుగు."

"నీకేం కావాలె?"

"పటేల్ నోరు మూతపడాలె."

అన్సార్ నవ్వుకుంటూ వెళ్లాడు. ప్రభాకర్ కూర గంజులో తన కొలత ప్రకారం ఉప్పు వేసి మూత పెట్టాడు. కాసేపటికి శ్రీవాణి బగార ఎసట్లోకి ఉప్పు కోసం సంచి తెరిచింది.

"ఉప్పు పాకెట్లేవీ? అన్ని ఖాళీగున్నయ్."

"నేను కూరల ఏసిన."

"నువ్వు ఏస్తే సగం మిగలాలె కదా."

ప్రభాకర్ చేతిలో గరిటె ఆగిపోయింది. నాకూ అర్థమైంది. పోయే ముందు అన్సార్ ఉప్పు వేసే ఉంటాడు. ప్రభాకర్‌కు ఒక పని తగ్గుతుందని వేసి ఉంటాడు. చెప్పడం మరిచి ఉంటాడు. మామూలు రోజైతే నాలుక చెప్పేది. ప్రభాకర్ ఫోన్ చేశాడు. మసీదులో ఉన్నవాడి ఫోన్ మోగుతుందా?

"ఎవల్నన్న పిలిచి సూపియ్యాలె" అంటోంది శ్రీవాణి. అప్పుడే రాజశేఖర్ పటేల్ షామియానా కిందికి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"అయిందా? చుట్టాలు కూసున్నరు."

ప్రభాకర్ దాచలేదు. "పటేలా, కూరల ఉప్పు రెండుసార్లు పడ్డట్టుంది. జర ఎవలన్న రుచి సూస్తే సరిజేస్త."

"ఎవలన్న ఏందిరా? నువ్వేం మాస్టర్‌వి? నువ్వు సూడు."

"ఇయ్యాల నేను సూడను. మాకు ఉపవాసమని ముందుగాలనే చెప్పిన."

"ఒక చుక్క నాలుకకు పెట్టుకొని ఉమ్మెయ్. నీ దేవుడు పైనుంచి లెన్స్ పెట్టి సూస్తుండా?"

"సూస్తలేడు. అందుకే ముట్టను."

పటేల్ ముఖం ఎర్రబడింది. చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు అటు వచ్చారు. వాళ్ల ముందు ఆయన గరిటె తీసుకుని కూరలో ముంచి, పొగలు కక్కుతున్నదాన్ని ప్రభాకర్ మూతి దగ్గర పెట్టాడు.

"నా ఇంట్ల నా కూర. తిను!"

ఇంకా ఏదేదో అన్నాడు. వాడి అమ్మను అన్నాడు. అంటే నా లూర్దమ్మను. నా చేతిలో కట్టె ఉంది. చివర నిప్పు ఉంది. దాన్ని పొయ్యిలోకి తోశాను.

ప్రభాకర్ మెడ మీద నరాలు లేచాయి. వాడి నోటి నుంచి ఏం రాబోతుందో నాకు తెలుసు. ఆ బూతులు వాడు నేర్చింది నా దగ్గరే. శ్రీవాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు పెదవులు బిగించాడు. గరిటె మీంచి ఒక చుక్క వాడి గడ్డం మీద పడింది. కాలి ఉంటుంది. చేత్తో తుడుచుకున్నాడు.

"కూర చెడితే నా పేరు చెడ్తది పటేలా. మళ్ల సంపాయించుకుంట. గిది చెడితే యాడ సంపాయించాలె? నువ్వు కొట్టు. నోరు మాత్రం తెరువ."

"తియ్యరా గరిటె!"

ఆ మాట అన్నది పటేల్ తల్లి స్వరాజ్యం. కర్ర పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. కొడుకు చేతిలోని గరిటె లాక్కుంది. ఊది, నాలుక మీద వేసుకుంది. ముఖం ముడుచుకుంది.

"సముద్రం! గిది నా చుట్టాలకు పోస్తే మల్ల ఈ గడప తొక్కరు." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నేను ఏకాదశి నాడు నీళ్లు తాగకుంటే నా నోట్లె గూడ గరిటె కుక్కుతవా?"

పటేల్ ఫోన్ చూసుకున్నాడు.

శ్రీవాణి అప్పటికే ఎసరు పొయ్యి మీదికి ఎక్కించింది. "ఉప్పు మల్ల తెప్పియ్యకు. బగారల ఉప్పే ఏసుడు లేదు. కూరల కొబ్బరి ముద్ద, నీళ్లు పొయ్యి. రెండూ కలుపుకొని తింటే సరిపోతది."

"నా కోడలు గిట్ల ఆలోచించదు" అని ముసలమ్మ కుర్చీ వేయించుకుని గంజు పక్కనే కూర్చుంది. ప్రభాకర్ కొబ్బరి వేసినప్పుడల్లా గరిటె అందిస్తే రుచి చూసింది. "ఇంక ఉంది." "ఇంకా ఉంది." చివరికి, "మస్తుగేం లేదు. తినొచ్చు."

తిన్నారు. కొందరు పెరుగు ఎక్కువ అడిగారు. ఎవరూ పొగడలేదు. అన్సార్ నమాజ్ నుంచి వచ్చి సంగతి విని తల పట్టుకున్నాడు.

"నీకు సాయం చేద్దామని ఏసిన అన్నా."

"ఇంకోసారి సాయం చేస్తే చెప్పి చెయ్. ఇగ పొయ్యి నీది. మేము పోతున్నం."

పటేల్ అడ్డం వచ్చాడు. "రెండో పంక్తి తింటుండగ పోతవా? పోతే ఇంక నా ఇంట్ల గరిటె పట్టవు. మా వాళ్ల ఇండ్లల్ల గూడ పట్టవు."

ప్రభాకర్ మెడలో తువ్వాల తీసి దులిపాడు. "పట్టను పటేలా. గంజులు మాత్రం మావి. మూడింటికి పోయి వచ్చి కడుగుతం."

బట్టలు మార్చుకునే సమయం లేదు. అలాగే గుడికి నడిచాం. మసాలా, పొగ, చెమట. జనం తెల్లబట్టల్లో నిలబడ్డారు. సిలువను ముద్దు పెట్టుకోవడానికి వరుస కట్టారు. మేము వరుసలో చేరగానే ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. చౌరయ్య ముక్కు మీద రుమాలు పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఏం ఇన్నయ్యా, ఇయ్యాల గూడ మటన్ దంచి వచ్చిన్రా? కొంచమన్న భయం ఉండాలె."

ప్రభాకర్ తల దించుకున్నాడు. పటేల్ ముందు దించని తల. గడ్డం మీద బొబ్బ లేచి ఉంది. శ్రీవాణి నా వైపు చూసింది. తపస్సు కాలం అయిపోవచ్చింది. మౌనం విడుస్తానని తల ఊపిన నేను ఆ మాట ఇంకా నిలబెట్టుకోలేదు.

"వండినం. తినలే" అన్నాను.

గుడిలో అందరికీ వినబడింది. అంత గట్టిగా నేను ఎప్పుడు మాట్లాడానో నాకే గుర్తు లేదు.

"నా కొడుకు నాలుక మీద ఇయ్యాల ఉప్పురాయి పడలే. బూతు గూడ పడలే. మూతికి గరిటె ఆనించి తిట్టినా నోరు తెరువలే. నీ ముక్కుకు వాసన కొడ్తే పక్కకు జరుగు చౌరయ్యా. మాకు పని ఉంది."

చౌరయ్య రుమాలు దించాడు. జరిగాడు.

పసుపు పట్టిన చేతులతోనే ప్రభాకర్ సిలువను పట్టుకుని కాలిన గడ్డం ఆనించాడు. శ్రీవాణి తర్వాత నేను. మోకాళ్ల మీంచి లేవడానికి కోడలు చెయ్యి ఇచ్చింది.

"మామా, ముత్యాలు కాదు, రాళ్లు రాల్చినవ్" అంది మెల్లగా.

నేను తల ఊపాను. పటేల్ ఇంట్లో కడగని గంజులు ఎండిపోతుంటాయి. బయటికి నడిచాం.