కేసెట్‌లో లేని గోల్

అంతకుముందు ఏడాది మెక్సికోలో జరిగిన వరల్డ్ కప్ మ్యాచ్‌లు దూరదర్శన్‌లో వచ్చాక, విశాఖలో ఫుట్‌బాల్ పిచ్చి బాగా ముదిరింది. అందుకే 1987 వేసవిలో పోర్టు కళాసీల జట్టుకీ, స్టీల్ ప్లాంట్ కట్టే పనివాళ్ల జట్టుకీ ఫైనల్ పడినప్పుడు, దాన్ని వీడియో తీయమని రెండు జట్లూ కలిసి సుందర్ రాజ్‌ని అడిగాయి.

సుందర్ రాజ్ వన్ టౌన్‌లో ఉంటాడు. చర్చి పెళ్లిళ్లకు వీడియో తీస్తాడు. పెళ్లిలో ఎవరూ పరుగెత్తరు కాబట్టి ఆ పని నిదానంగా సాగిపోతుంది. ఇక్కడ బంతి వెంట కెమెరా తిప్పీ తిప్పీ సగం ఆటకే అతని భుజం పట్టేసింది. ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా పోర్టు జట్టు ఫార్వర్డ్ దయానందం బంతి అందుకుని ఎడమ పక్కనుంచి దూసుకువచ్చాడు. సరిగ్గా అప్పుడే బ్యాటరీ అయిపోయింది. కొత్తది పెట్టి మళ్లీ చూసేసరికి జనం మైదానంలోకి దిగిపోయి దయానందాన్ని ఎత్తుకుంటున్నారు. ఆ ఒక్క గోల్‌తోనే పోర్టు గెలిచింది.

ఇంటికొచ్చి భార్య జయమణికి చెప్పాడు. "అయితే అదే మాట అందరికీ చెప్పేయండి," అంది ఆమె. చెప్దామనే అనుకున్నాడు. ఈలోగా తగరపువలసలో వీడియో హాలు నడిపే శ్రీరామ్మూర్తి ఆ కేసెట్ కోసం వచ్చాడు.

"సంత రోజున ఏత్తాను," అన్నాడు శ్రీరామ్మూర్తి. "కానీ నా హాల్లో తప్ప ఇంకెక్కడా ఆడకూడదు. గోల్ మాత్రం తిప్పి తిప్పి సూపించాల. టీవీలో అలాగే సూపించారు గదా."

మంచి బేరం. వదులుకోవాలనిపించక సుందర్ రాజ్ సరేనన్నాడు. ఆ సాయంత్రమే దయానందం దగ్గరికి వెళ్లి అసలు సంగతి చెప్పాడు. దయానందం ముందు కాస్త చిన్నబోయాడు, తర్వాత నవ్వేశాడు. "అదెంత పని బావా, మళ్లీ కొడతాను. తవిటయ్యని ఒప్పించు."

స్టీల్ ప్లాంట్ జట్టు గోల్‌కీపర్ తవిటయ్యది సబ్బవరం దగ్గర ఊరు. సుందర్ రాజ్ వెళ్లేసరికి వాకిట్లో సైకిలు కడుగుతున్నాడు.

"ఒకసారి పడింది సాలదేటి బావా?" అన్నాడు తవిటయ్య, సంగతంతా విని. సైకిలు గోడకి చేరేసి, "సరే, వత్తాను. కానీ ఆ కేసెట్టు మా ఊళ్లో కూడా ఏయాల. మాయమ్మ నా ఆట ఒక్కసారీ సూడనేదు," అన్నాడు.

శ్రీరామ్మూర్తికి ఇచ్చిన మాట గుర్తొచ్చినా, సుందర్ రాజ్ తలూపేశాడు.

ఆదివారం పొద్దున్నే అదే మైదానంలో, అవే బనియన్లలో అందరూ చేరారు. జయమణి కూడా వచ్చింది. సుందర్ రాజ్ కెమెరా సిద్ధం చేసుకుని చెయ్యి ఊపాడు. దయానందం ఎడమ పక్కనుంచి వచ్చి బలంగా కొట్టాడు. తవిటయ్య గాల్లోకి లేచి బంతిని బయటికి నెట్టేశాడు.

"ఏటి బావా, వదిలేయాల గదా," అన్నాడు దయానందం.

"వదిలేద్దామనే అనుకున్నాను. సెయ్యి ఆగనేదు."

రెండోసారి కాలితో ఆపాడు. మూడోసారి బంతిని గుండెకు హత్తుకుని పడ్డాడు. దయానందానికి పౌరుషం వచ్చింది. మూలకి కొట్టాడు, నేలబారుగా కొట్టాడు, తవిటయ్య దేన్నీ పోనివ్వలేదు. చివరికి తవిటయ్యే పళ్లు బిగించి ఒకటి వదిలాడు. కానీ బంతి రాకముందే పక్కకి ఒరిగిపోయాడు.

"పసిపిల్లలు కూడా నమ్మరు," అంది జయమణి.

దయానందం గడ్డిలో కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. తవిటయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"వొద్దులే బావా," అన్నాడు దయానందం. "ఆరోజు నిజంగా కొట్టాను. దాని బదులు ఈ దొంగ గోల్ సూపిత్తే నాకే సిగ్గు."

ఆ మాట వినగానే సుందర్ రాజ్‌కి పెద్ద బరువు దిగినట్టయింది. ఆట ఎలా ఉన్నదో అలాగే ఉంచాడు. బ్యాటరీ పోయినచోట తెర నల్లబడుతుంది, ఆ వెంటనే జనం సంబరం. దాని చివర ఆదివారం తవిటయ్య ఆపిన బంతులన్నీ అతికించాడు. కేసెట్ పట్టుకుని తగరపువలస వెళ్లి, గోల్ లేదని శ్రీరామ్మూర్తికి నిజం చెప్పేశాడు. రెండు జట్లూ తమ వాళ్లకి ఊరికే చూపించుకుంటాయని కూడా చెప్పాడు.

శ్రీరామ్మూర్తి ముఖం ముడుచుకున్నాడు. "ముందు ఎయ్యి, సూద్దాం," అన్నాడు.

ఆట నడుస్తున్నంతసేపూ కుర్చీలో వెనక్కి వాలి చూశాడు. తవిటయ్య ఆపడం మొదలయ్యాక కుర్చీ ముందుకి లాక్కున్నాడు. హాలు ఊడుస్తున్న ఆమె చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఈడెవడ్రా బాబూ," అన్నాడు శ్రీరామ్మూర్తి. తర్వాత సుందర్ రాజ్ వైపు తిరిగాడు. "సరే. టిక్కెట్టు పెట్టి ఆడించేది నానొక్కన్నే. ఆళ్లు ఊరికే ఏసుకుంటే నాకేటి నట్టం?"

సంత రోజున హాలు నిండింది. వన్ టౌన్‌లో చర్చి హాల్లో వేసినప్పుడు, తెర నల్లబడగానే దయానందం లేచి ఆ గోల్ ఎలా కొట్టాడో నోటితో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత తవిటయ్య ఊళ్లో వేశారు. దయానందం కూడా వెళ్లాడు. బడి వరండాలో టీవీ పెడితే ఊరంతా వచ్చి కూర్చుంది. ఆట అయ్యాక తవిటయ్య తల్లి అసిరమ్మ దయానందం దగ్గరికి వచ్చి అతన్ని ఎగాదిగా చూసింది.

"మా వోడికి గోల్ కొట్టనేకపోయినోడివి నువ్వేనా నాయినా?"

"నానే అమ్మా," అన్నాడు దయానందం.

"కొట్టాడే అమ్మా," అన్నాడు తవిటయ్య. "ఒకటి కొట్టాడు. అది కెమెరాలో పడనేదు."

అసిరమ్మ కొడుకు మాట నమ్మలేదు. దయానందం చెయ్యి పట్టుకుని, బాధపడొద్దని చెబుతూ, అన్నానికి ఇంటికి తీసుకెళ్లింది. చేపల పులుసులో పెద్ద ముక్కలన్నీ అతని కంచంలోనే వేసింది. అతను వద్దనకుండా తిన్నాడు.