ముందు మిషన్ ఆపాలి

ముప్పై ఎకరాల మక్కచేను ఎండి కోతకు నిలబడి ఉంది. దాని నడుమ ఇల్లంత హార్వెస్టర్ ఆగిపోయి ఉంది. ఇంజిన్‌కు రోగం లేదు, డీజిల్‌కు కొదవ లేదు. లోపల తెర మీద మాత్రం ఒక్క వాక్యం వెలుగుతోంది: "గుర్తింపు లేని భాగం. డీలర్‌ను సంప్రదించండి."

ఆ వాక్యం నళిని రాసిందే.

మూడేళ్ళ కిందట షామ్‌బర్గ్ ఆఫీసులో కూర్చుని రాసింది. పొలంలో చూడడం ఇదే మొదటిసారి. కంపెనీ ఆమెను పంపింది బాగుచేయమని కాదు, మిషన్‌లోని డేటా కాపీ చేసుకురమ్మని. ఇంట్లో గోడలు చూసి విసిగిపోయిన తండ్రి అమర్‌నాథ్‌ను కార్‌లో వెంట తెచ్చుకుంది. జగిత్యాల బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఎక్కడ ఏ మిషన్ ఆగినా ఆయన చెవి అటే పోతుంది.

పొలం యజమాని వాల్టర్‌కు ఎనభై దాటాయి. కుడిచేతికి మూడు వేళ్ళు లేవు.

"సెన్సార్ పోయింది," అన్నాడతను ఇంగ్లీషులో. "పక్క పొలం రే తన మిషన్‌లోది పీకి ఇచ్చాడు. మా నాన్నల కాలం నుంచీ మా మధ్య అంతే. పెట్టగానే నాది ఆగిపోయింది. తీసి వాడిది వాడికి పెడితే వాడిదీ ఆగింది. డీలర్ మనిషి ల్యాప్‌టాప్ పట్టుకుని రావడానికి పది రోజులట. సోమవారం మంచు. చొప్ప వాలిపోతే కంకులన్నీ నేలపాలు. పోయినేడు సగం అలాగే పోయింది. ఈ ఏడు కూడా పోతే పొలం అమ్మేయడమే."

"ఏమంటుండు బిడ్డా?" అన్నాడు అమర్‌నాథ్. నళిని చెప్పింది.

"మన దిక్కు బదులంటం గద! ఇయ్యాల నీ చేన్ల నేను, రేపు నా చేన్ల నువ్వు. బదులిచ్చుకునుడు గూడ తప్పేనా? ఎవడు రాసిండు ఈ రూలు?"

"నేనే బాపూ," అంది నళిని.

ఆయన కూతురి వైపు చూసి, మిషన్ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

ఆమె సంచిలోని ల్యాప్‌టాప్‌తో ఆ సాఫ్ట్‌వేర్ తాళం తెరవడం రెండు నిమిషాల పని. తెరిచిన మరుక్షణం ఆమె పేరు కంపెనీకి చేరుతుంది. ఉద్యోగం పోతే వీసా మీద ఈ దేశంలో ఉండనిచ్చేది అరవై రోజులు. పోనీ తెగించి తెరిచినా తెరుచుకునేది ఒక్క మిషన్. ఇలా ఆగినవి రాష్ట్రమంతా వందల్లో ఉన్నాయి. ఎటు చూసినా తన చేత్తో తానే వేసిన తాళం.

వాల్టర్ వాళ్ళను షెడ్డులోకి తీసుకెళ్ళాడు. మూలన తుప్పుపట్టి ఒక పాత మిషన్ ఉంది. ట్రాక్టర్ వెనక కట్టి లాగితే రెండేసి సాళ్ళ కంకులు విరిచి, తొక్క ఒలిచి, వెనక బండిలో పోసేది. వాల్టర్ తండ్రి ఇనప కొక్కెం అరచేతికి కట్టుకుని ఒక్కో కంకీ ఒలిచేవాడట. ఇది వచ్చాక ఆ బాధ తప్పింది, కొత్త బాధ వచ్చింది.

"రోలర్ల మధ్య చొప్ప ఇరుక్కుంది. ట్రాక్టర్ ఆపితే అరనిమిషం. ఆపకుండానే లాగాను," అంటూ వాల్టర్ చెయ్యి చూపించాడు. "ఈ కౌంటీలో నా వయసు వాళ్ళలో ఇలాంటి చేతులు చాలా ఉన్నాయి. ఇది నా వేళ్ళు తిన్నది, నిజమే. కానీ రెంచీ ఉన్న ఎవడైనా విప్పుకోవచ్చు. ఎవడి అనుమతీ అడగదు."

అమర్‌నాథ్ అప్పటికే చొక్కా చేతులు మడిచాడు. "గ్రీజు వెడ్తే నడుస్తది. ఇసొంటియి ఇంక రెండు దొర్కుతయేమో అడుగు. మనుషులు మాత్రం కావాలె."

మనుషుల కోసం నళిని శుక్రవారం సాయంత్రం తండ్రిని వెంటబెట్టుకుని అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో టీమ్‌ను కూర్చోబెట్టింది. తనతో కలిపి ఏడుగురు. అందరినీ ఆ కంపెనీలో పెట్టించి, అందరి వీసాలూ గుప్పిట్లో పెట్టుకున్నవాడు కన్సల్టెన్సీ నడిపే కృష్ణమోహన్. సోమవారం బయటికి పోవాల్సిన అప్‌డేట్ ఇంకా దారుణం. ఇన్నాళ్ళూ తాళం లేని పాత మోడళ్ళకు కూడా అది తాళం వేస్తుంది.

"మనం రాసిందాంతో ఎవరి నోట్లో మట్టి పడుతోందో చూసొచ్చాను," అంది నళిని.

"చూసొచ్చావ్, బాగుంది. ఏం చేద్దామంటావ్?" వేదాంత్ లేచి నిలబడ్డాడు. "నా గ్రీన్‌కార్డ్ పదకొండేళ్ళుగా లైన్‌లో ఉంది. పిల్లలిద్దరూ ఇక్కడే స్కూల్. కోపం నాకు మాత్రం లేదా? లోపల ఉండే మెల్లగా మార్చుకుందాం. ఈ అప్‌డేట్ పోనీ. నెక్స్ట్ రిలీజ్‌లో రూల్ కొంచెం లూజ్ చేద్దాం."

"మూడేళ్ళుగా నెక్స్ట్ రిలీజే అంటున్నావ్!" జాహ్నవి బల్ల చరిచింది. "ప్రతి రిలీజ్‌కీ తాళం ఇంకా టైట్ అవుతోంది, నీ నోరూ టైట్ అవుతోంది!"

"నీకు పిల్లల్లేరు, నువ్వు ఎన్నైనా అంటావ్."

అరుపులు పెరిగాయి. భయం అందరిదీ ఒకటే, కానీ ఎవరి భయం వాళ్ళకే పెద్దది. చివరికి కుదిరింది ఒక్కటే: సెలవు రోజున పొలానికి పోతే ఎవడూ ఏమీ అనలేడు.

శనివారం పొద్దున మూడు పాత మిషన్లు చేలో గడగడమన్నాయి. రే ఒకటి తెచ్చాడు, ప్రదర్శనకు దాచుకున్న ఇంకొకటి పక్క ఊరి నుంచి వచ్చింది. కింద పడ్డ కంకులు ఏరడానికి చర్చి ఆడవాళ్ళు వచ్చారు, స్కూలు టీచర్లు వచ్చారు, షామ్‌బర్గ్ నుంచి ఏడుగురు ఇంజనీర్లు కొత్త గ్లవ్స్‌తో వచ్చారు. అమర్‌నాథ్‌కు ఇంగ్లీషు రాదు, వాల్టర్‌కు తెలుగు రాదు. రెంచీ భాష ఇద్దరికీ వచ్చు.

పదకొండింటికి వాల్టర్ మిషన్ రోలర్లలో చొప్ప ఇరుక్కుంది. పక్కనే నడుస్తున్న వేదాంత్ వంగి చెయ్యి చాచాడు.

"ఆపు! ముందు ఆపు!" వాల్టర్ కేక చేను దాటింది. ట్రాక్టర్ ఆగింది. వేదాంత్ చెయ్యి రోలర్లకు జానెడు దూరంలో ఉంది. వాల్టర్ పరుగెత్తుకొచ్చి తన రెండు వేళ్ళతో అతని మణికట్టు పట్టుకున్నాడు. "నడిచే మిషన్‌లో చెయ్యి పెట్టి ఎవడూ బాగుచేయలేదు, బాబూ. ముందు ఆపాలి. తర్వాతే చెయ్యి."

వేదాంత్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అమర్‌నాథ్ వచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు. "నిన్న నువ్వు జెప్పింది గూడ గిదే గద బిడ్డా. మిషను నడుస్తుంటనే లోపట చెయ్యి వెట్టి మారుస్తనంటివి."

ఆదివారం సాయంత్రానికి ఆఖరి సాలు అయిపోయింది. గాలి ఆడే సందులతో చెక్కలు కొట్టిన పాత గాదె కప్పు దాకా నిండింది. రే ఆ గాదె ముందు అందరికీ ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు.

గంటలోపే కృష్ణమోహన్ ఫోన్.

"అమ్మా నళినీ, నీకు నేనేం తక్కువ చేశానమ్మా? ఫోటో క్లయింట్ చూశాడు. డేటా తెమ్మని పంపితే నువ్వు చేసుకొచ్చింది ఇదా? రేపు నీకు లాస్ట్ డే."

"సెలవు రోజు కంకులు ఏరడం తప్పా సార్?"

"ఎవరి చేలో ఏరావో అదే తప్పు. మిగతా వాళ్ళకి బుద్ధి రావాలంటే ఒకరు పోవాలి."

సోమవారం తెల్లవారేసరికి మంచు మొదలైంది. పని అప్పజెప్పమని నళినిని కూడా కాల్‌లో కూర్చోబెట్టారు. ఏ కోడ్ బయటికి పోవాలన్నా ఇద్దరు అప్రూవ్ నొక్కాలి. అది కంపెనీ పెట్టుకున్న నియమమే.

"మొదటిది నేను నొక్కేశాను," అన్నాడు కృష్ణమోహన్. "రెండోది వేదాంత్, నువ్వు."

వేదాంత్ మ్యూట్ తీశాడు. "నొక్కను సార్."

"ఏమన్నావ్?"

"ముందు ఆపుదాం సార్. తర్వాత మాట్లాడదాం."

"జాహ్నవీ?" "నొక్కను." ఆరుగురినీ పేరుపేరునా అడిగాడు. ఆరుసార్లూ అదే మాట. కృష్ణమోహన్ గొంతు చించుకున్నాడు. "మీ ఆరుగురి వీసాలూ చింపేస్తా! కంపెనీకి నోవై ఆఫీసులో ఇంకో టీమ్ ఉంది, అక్కడ నొక్కేవాళ్ళు లేకపోరు."

నోవైకి పంపాడు. పది నిమిషాలకు అక్కడి నుంచి జవాబు అందరి తెరల మీదా పడింది: "ఆ ఫోటో మేమూ చూశాం. నళినిని ఎందుకు తీసేశారో ముందు చెప్పండి."

నళిని ల్యాప్‌టాప్ మూసి, కంపెనీకి తిరిగి పంపాల్సిన పెట్టెలో పెట్టింది. అమర్‌నాథ్ టేపు అందించాడు.

"ఎన్ని దినాలిచ్చిర్రు?"

"అరవై, బాపూ."

"మా బస్సుల సమ్మె యాభై రెండు దినాలే నడిచింది," అన్నాడాయన. "ఇంకెనిమిది దినాలు నీకే ఎక్కువున్నయి. లే, ఆ నోవై పిల్లలకు ఫోన్ గొట్టు."