పైలట్ బరువు

కాపర్ ఫ్లాట్ విమానాల మైదానంలో పైలట్ లోరియా ఎచెవెరీకి పొద్దున పని ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. తన విమానం రెక్కల అంచులు చేత్తో నిమురుతుంది. పెట్రోలు కాస్త గాజు గొట్టంలోకి పట్టి, నీళ్లు కలిశాయేమోనని ఎండకెత్తి చూస్తుంది. ఆ తరవాత ఎక్కబోయేవాళ్లను షెడ్డు ముందున్న కాటా మీద నిలబెడుతుంది. ఒకప్పుడు ఉన్ని బేళ్లు తూచిన కాటా అది. విమానానికి ఉన్నవే నాలుగు సీట్లు. ఎండ ముదిరితే నెవాడా ఎడారి గాలి పలచబడిపోతుంది. అప్పుడు కనుమ దాటాలంటే ఒక్కో పౌండూ లెక్కే.

మా వైపు మనుషులకి ఒంటి బరువే కాదు, చెప్పకుండా దాచుకున్న మాటల బరువు కూడా ఉంటుంది. కాటాకీ తెలుస్తుంది, విమానానికీ తెలుస్తుంది. అందుకని ఎక్కేముందు జనం షెడ్డు వెనక్కి వెళ్లి, ఇంటికి ఫోను చేసి ఏదో ఒకటి చెప్పేసి వస్తారు. ట్రక్కుకి సొట్ట పెట్టింది నేనేనంటే ఆరు పౌండ్లు తగ్గుతాయి. మా పాస్టరుగారికి నలభై నిమిషాలు పట్టింది. నేనూ ఒకసారి ప్రయత్నించాను. గంటన్నర చెప్పాను. చివరికి మా ఆవిడే విసుగొచ్చి ఫోను పెట్టేసింది. అయినా పదకొండు పౌండ్లు మిగిలాయి. అప్పట్నుంచీ బస్సులోనే తిరుగుతున్నాను. మైదానంలో నా ఉద్యోగం రేడియో పక్కన కూర్చుని కాఫీ తాగడం. గాలి ఎటు వీస్తోందని పైనుంచి ఎవరైనా అడిగితే కిటికీలోంచి చూసి చెప్తాను. ఎక్కువసార్లు సరిగ్గానే చెప్తాను.

ఆ జూలై గురువారం ఎక్కాల్సిన మనిషి ఆర్లో స్టాంపర్. పంతొమ్మిదేళ్లుగా లోరియా విమానానికి అతనే మెకానిక్కు. లోరియా రీనోలో దింపితే, మధ్యాహ్నం పెద్ద విమానం పట్టుకుని సియాటిల్ వెళ్లిపోతున్నాడు. అక్కడ ఉద్యోగం దొరికింది. మళ్లీ వచ్చే ఉద్దేశం లేదు.

ఆర్లో నిలబడగానే కాటా ముల్లు రెండు వందల నలభై దగ్గర ఆగింది.

"నువ్వు నూట డెబ్బయ్యే కదయ్యా!" అంది లోరియా.

"బూట్లు."

"డెబ్బై పౌండ్ల బూట్లా?"

"చలికాలం బూట్లు."

"ఎక్కు, ఎక్కు. ఎండెక్కిపోతోంది. దార్లో వదిలించుకుందువుగాని."

తెల్లటి ఉప్పు మైదానం దాటారు. సుడిగాలులు అక్కడక్కడా దుమ్ము లేపుతున్నాయి. అడవి గుర్రాలు తలెత్తి కూడా చూడలేదు. కొండలు దగ్గరపడగానే లోరియా రేడియో బొత్తాం నొక్కి, అందరూ వినేలా చెప్పింది: "కనుమకి పది మైళ్లలో ఉన్నాను. ఎనిమిది వేల అడుగులు. పైకెక్కుతున్నాను."

ఆ బొత్తాం నొక్కింది నొక్కినట్టే ఇరుక్కుపోయింది. లోపలి మాటలన్నీ మా రేడియోల్లో వినబడుతున్నాయని వాళ్లకి తెలీదు. ఒకరి బొత్తాం ఇరుక్కుంటే మా రేడియోలన్నిట్లో ఇంకెవరి మాటా సాగదు. కాబట్టి "లోరియా, వినబడుతోంది!" అని ఎంత అరిచినా లాభం లేదు. నేను ఒక్కసారే అరిచాను. తరవాత కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"నీ ఫ్లాస్కు గాలికి పడలేదు. నేనే తొక్కాను," అన్నాడు ఆర్లో.

"ఇరవై అడుగులు లేచాం. ఊఁ, ఇంకా?"

"మీ అమ్మ చేసే గొర్రె కూర నాకు పడదు. రెండోసారి వడ్డించుకునేది కుక్క కోసం."

"పాపిష్టివాడా! అరవై."

"సియాటిల్ వాళ్లు నన్ను పిలవలేదు. నేనే రాశాను. మూడుసార్లు."

విమానం రెండు వందల అడుగులు లేచింది.

"ఎందుకు రాశావు?"

"ఇక్కడ ఉండమని ఎవరూ అనలేదు గనక."

ఇంకో నాలుగు వందలు. కానీ కనుమ ఇంకా పైనే ఉంది. ఎదురుగా రాతిగోడ పెద్దదవుతోంది.

"ఇంకేం దాచావు? కక్కు."

"ఏమీ లేదు. చూడు, బెల్టు లేకపోతే పైకి తేలేట్టున్నాను."

"మరి ఇదెందుకు ఎక్కడం లేదు?"

"లోరియా, నువ్వు కాటా ఎక్కి ఎన్నేళ్లయింది?"

"నా బరువు నాకు తెలుసు. నూట ముప్పై ఎనిమిది."

"ఏ సంవత్సరంలో?"

నా కాఫీ చల్లారిపోయింది.

"వెనక్కి తిప్పేస్తాను," అంది.

"తిప్పు. రీనోలో నా విమానం పోతుంది. రేపు మళ్లీ ఇదే కనుమ, ఇదే బరువు."

"సరే. నువ్వెళ్తే ఇంజను ఎవరు చూస్తారని నా బెంగ."

"పది అడుగులు."

"కొత్త మెకానిక్కులంటే నాకు గిట్టదు, అంతే. ఇంకేం లేదు."

"దిగుతున్నాం, లోరియా."

అబద్ధానికి కూడా బరువుంటుంది మరి. ఇంకో అరమైలు పోతే విమానం తిప్పడానికి చోటు కూడా ఉండదు.

"వెళ్లొద్దు ఆర్లో," అంది లోరియా. గొంతు చాలా చిన్నగా వచ్చింది. "ఇంజను కోసం కాదు. పొద్దున్నే నేను షెడ్డు తలుపు తీసేసరికి లోపల నువ్వు ఏ పానానో తిడుతూ ఉండాలి. నాకు నువ్వుండాలి."

విమానం ఎగిరిపడింది. ఒక్క ఊపున పన్నెండు వందల అడుగులు. కనుమ ఎక్కడో కిందకి జారిపోయింది.

"దాటేశాం," అన్నాడు ఆర్లో.

"దాటేశాం. ఇప్పుడు దాటాల్సిన పనేముంది?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులో లోరియా చెయ్యి బొత్తానికి తగిలి, అది టక్కుమని పైకొచ్చేసింది. మరుక్షణం హోబర్ట్ గొంతు రేడియో పగిలేలా వినబడింది. హోబర్ట్ ఆవుల కాపరి. తప్పిపోయిన ఆవుల్ని విమానంలో వెతుక్కుంటాడు.

"ఓయ్ ఆర్లో! దిగుతున్నానని చెప్పే దారి లేక పావుగంట నుంచి మైదానం మీద గిరగిరా తిరుగుతున్నాను. ఉంటున్నావా, పోతున్నావా? తేల్చు నాయనా, నేను దిగాలి!"

రేడియోలో బరబరమని చప్పుడు. ఎవరో గొంతు సవరించుకున్నారు.

"దిగు హోబర్ట్," అన్నాడు ఆర్లో. "నీ వెనకే మేమూ తిరిగొచ్చి దిగుతాం. ఇద్దరం."