అయిదూ పదికి దిగిన గీత

కాగితం మీద ఆ చిన్న పల్లాన్ని చూసి చార్టు గుమాస్తా మొదట కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తరవాత కాగితం తుడిచాడు. పల్లం అక్కడే ఉంది. ఉదయం అయిదూ పదికి గీత దిగడం మొదలుపెట్టి, పన్నెండు నిమిషాలు దిగి, మళ్లీ నెమ్మదిగా లేచింది. అంతా కలిపి బియ్యపు గింజంత.

నీటిని చూడకుండానే నీరెంతుందో చెప్పడం అతని ఉద్యోగం. వీధి చివర తాళం వేసిన చిన్న గది, గదిలో ఇరుకైన బావి, బావిలో తేలే బుడ్డి. నీరు దిగితే బుడ్డి దిగుతుంది, దాని తీగకు కట్టిన పెన్నూ దిగుతుంది. గడియారంతో తిరిగే డ్రమ్ము మీద రోజుకో కాగితం చుట్టాలి, పెన్ను దాని మీదే గీత గీస్తుంది. రాష్ట్రమంతటా ఇలాంటి గదులు వందలున్నాయి. ఆ గీతలన్నీ ఒకచోట చేర్చి, నేల కింద ఇంకెన్నాళ్లకు సరిపడా నీరుందో పై ఆఫీసువాళ్లు చెబుతారు. అతనికి మాత్రం తన వీధే తెలుసు. ఊరి పంపు నడిస్తే గీత గిన్నెలా వంగుతుంది. ఇంటి మోటారుకైతే గింజంత పల్లం పడుతుంది.

మూడేళ్లుగా వానల్లేవు. ఊరి పంపు చుట్టుపక్కల ఇళ్ల బోర్లన్నీ మూయమని రెండు నెలల కిందట ఉత్తరువు వచ్చింది. మోటార్లు, పైపులు పైకి లాగేసి, బోర్లకు ఇనుప మూతలు బిగించారు. ఇంటికి రోజూ ఆరు బిందెలు, అవీ వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడితే. ఇప్పుడు గీతలో గిన్నెలే ఉండాలి, గింజలు ఉండకూడదు.

పైగా అయిదూ పది అతని భార్య వేళ.

పందొమ్మిదేళ్లు ఆమె అదే వేళకు లేచి మోటారు వేసింది. మేడ మీద ట్యాంకు నిండే చప్పుడు వింటూ, పొర్లకముందే ఆపేసేది. ఆ చప్పుడుకు అతనికి మంచి నిద్ర పట్టేది. కాపురానికొచ్చిన కొత్తలో, "మీ కాగితం మీద నేను కనిపిస్తానా?" అని అడిగింది. రోజూ కనిపిస్తావన్నాడు. ఆమె నమ్మలేదు. మర్నాడు కావాలని మూడు నిమిషాలు ఆగి మోటారు వేసింది. సాయంత్రం అతను చెప్పులు విప్పుతూనే, "ఇవాళ మూడు నిమిషాలు ఆలస్యం," అన్నాడు. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తరవాత చాలాసేపు నవ్వింది.

ఆమె పోయి నాలుగు నెలలు. పోయిన మర్నాటి కాగితంలో అయిదూ పది దగ్గర గీత తిన్నగా ఉంది. అతను దాని మీద సంతకం చేసి ఫైల్లో పెట్టాడు.

ఈ పల్లం పక్కన మాత్రం "పెన్ను తడబాటు" అని రాశాడు. మర్నాడూ అదే పల్లం. అయిదు రోజులు వరసగా అదే మాట రాశాడు. గీత దిగిన చోటినుంచి లేస్తోంది గాని, మునుపటి ఎత్తుకు చేరడం లేదు. రోజుకు వెంట్రుకవాసి వెనకబడుతోంది.

ఆరో రోజు పొద్దున్న అతని మరదలు బిందెలు తెచ్చి వసారాలో దించింది. భార్యకు చెల్లెలు, రెండు వీధుల అవతల ఉంటుంది.

"బావా, నేను బిందెలు మోస్తున్నా, నువ్వు కాగితాలు మోస్తున్నావు. ఎవరి నడుం ముందు విరుగుతుందో చూద్దాం."

"నీదే."

"ఇంత తొందరగా ఒప్పుకున్నావంటే ఒంట్లో బాగాలేదన్నమాట. రేపట్నుంచి నాలుగే బిందెలట. ఎవడో దొంగచాటుగా తోడుతున్నాడని వరసలో అందరూ తిట్టిపోస్తున్నారు. ఒకావిడైతే వాడి చేతులు పడిపోవాలంది."

"అలా అనొద్దని చెప్పలేకపోయావా?"

"ఏం, వాడు నీకు చుట్టమా?"

అతను బిందెల మీద మూతలు సర్దుతూ ఉండిపోయాడు.

మర్నాడు అయిదు కాకముందే పెరట్లోకి వెళ్లి, బోరు మూత విప్పాడు. లోపల పైపు లేదు. మోటారు వసారాలో గోనెసంచి చుట్టుకుని పడివుంది. అతను బోరు నోటి మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. అయిదూ పదికి లోపలి గాలి అతని చేతిని కిందికి లాగింది. గట్టిగా కాదు. నిద్రలేచినవాళ్లు ఊపిరి తీసుకున్నట్టు. ఆ వెంటనే మేడ మీద, రెండు నెలలుగా ఎండిపోయిన ట్యాంకులో, నీళ్లు పడుతున్న చప్పుడు మొదలైంది.

పైకి వెళ్లి చూడాలనుకున్నాడు. కాని కూర్చున్నచోటే, నాలుగు నెలల్లో మొదటిసారి, కమ్మగా నిద్ర పట్టేసింది. చప్పుడు ఆగినప్పుడు మెలకువ వచ్చింది. మేడెక్కి చూస్తే ట్యాంకు అడుగున దుమ్ము. మూలనున్న సాలెగూడు కూడా చెదరలేదు. అరచేతిలో మాత్రం గుండ్రంగా ఎర్రటి అచ్చు.

ఆ రోజే ఆఫీసుకు ఇంజనీరమ్మ వచ్చింది. వయసులో అతనికంటే చాలా చిన్నది. ఏడు కాగితాలూ బల్ల మీద పరిచింది.

"పెన్ను రోజూ ఒకే నిమిషానికి తడబడుతుందా, గుమాస్తా గారూ?"

అతను చివరి కాగితం అంచును వేలితో సాపు చేశాడు.

"మీరు పెన్నే అంటే నేనూ పెన్నే అని రాస్తాను. మీ మాటను ఈ ఆఫీసులో ఎవరూ కాదనలేదు. కాకపోతే ఊరి పంపు నీళ్లు పీల్చే మూతికి పైన ఇక మూరెడు నీళ్లే ఉన్నాయి. అవి కూడా పోతే ఈ జనాన్ని ఎక్కడికి పొమ్మంటాం? తోడేది ఏ బోరో తెలిస్తే ఇవాళే పూడ్పిస్తాను."

అతను తన అరచేతిని చూసుకున్నాడు. పూడిస్తే అయిదూ పది దగ్గర గీత మళ్లీ తిన్నగా అయిపోతుంది. ఈసారి ఇక ఎప్పటికీ.

"మా ఇంటి బోరమ్మా," అన్నాడు.

"మీ మోటారు తీసేశారు కదా?"

"తీసేశారు. అయినా అదే. పూడ్పించండి."

మధ్యాహ్నం ఇద్దరు కూలీలు బోరులో కంకర పోసి, బంకమన్ను కూరి, పైన సిమెంటు వేశారు. కంకర కిందికి జారుతున్నంతసేపూ మరదలు గుమ్మంలోనే నిలబడింది. ఆమెకు పొద్దున్న అంతా చెప్పాడు.

"అక్క ఉంటే దీనికి ఒప్పుకునేదా, బావా?"

"ఒప్పుకునేది. ఒక్కరోజైనా ట్యాంకు పొర్లనిచ్చిందా?"

మర్నాడు తొమ్మిదింటికి గది తలుపు తీసి, కాగితం విప్పడానికి చాలాసేపు చెయ్యి రాక నిలబడ్డాడు. చివరికి విప్పి, కిటికీ దగ్గరికి తెచ్చాడు. అయిదూ పది దగ్గర గీత తిన్నగా ఉంది.

కళ్లద్దాలు తీసెయ్యబోయి ఆగాడు. కాస్త పక్కన గీత కదిలింది. కిందికి కాదు, పైకి. పన్నెండు నిమిషాలు లేచి, అలాగే నిలిచింది. తీసుకున్న నీళ్లను ఎవరో తిరిగి పోసినట్టు. ఊళ్లో చినుకు పడలేదు. తలుపు తాళం అతని జేబులోనే ఉంది.

వేళ చూశాడు. అయిదూ పదమూడు.

డ్రమ్ము గడియారాన్ని చేతి గడియారంతో సరిచూశాడు. రెండూ ఒకే వేళ చూపిస్తున్నాయి. బావిలోంచి చల్లటి తడిగాలి వచ్చి కాగితం అంచును ఒకసారి కదిపింది. అతను దాన్ని వేలితో అదిమిపట్టి, గీత పక్కన "మూడు నిమిషాలు ఆలస్యం" అని రాసి, కింద సంతకం చేశాడు.