కళ్ళు లేని కోడిపిల్లలు

“నలభై ఎనిమిది. లెక్క చూసే తెచ్చాను. ఒక్కటి తగ్గినా నాకు తెలిసిపోతుంది,” అన్నాడాయన చెప్పులేసుకుంటూ. నవ్వుతూనే అన్నాడు. బయటివాళ్ళు ఆ నవ్వు చూస్తే ఎంత సరదా మనిషో అనుకుంటారు. ఆమెకు మాత్రం అరికాళ్ళ నుంచి చలి పాకింది.

నలభై ఎనిమిది అంటే మార్ష్‌మాలో కోడిపిల్లలు. చక్కెర నురుగుతో చేసిన పసుప్పచ్చటి మిఠాయి, పట్టుకుంటే దూదిలా ఉంటుంది. ఈస్టర్ పండగ కాబట్టి సాయంత్రం నాలుగింటికి ఆయన ఫ్యాక్టరీ మేనేజరూ, ఇంకో ఆరు కుటుంబాలూ టీకి వస్తున్నారు. మేనేజరు భార్య ఫోన్లో ఏదో బొమ్మ చూపించిందట. కప్‌కేకు మీద క్రీము, క్రీము మీద పచ్చరంగు కలిపిన కొబ్బరి తురుముతో గూడు, గూట్లో కోడిపిల్ల. “ఓస్ ఇంతేనా, మా ఆవిడ నలభై ఎనిమిది చేసి పడేస్తుంది,” అని అక్కడే మాటిచ్చి వచ్చాడు. నన్నొక మాట అడగొచ్చుగా అని ఆమె అనలేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి అంటే, “వంటింటికి సెలవులుంటాయా ఏంటి?” అన్నాడు. అప్పుడూ నవ్వుతూనే.

ఆయన ఉద్యోగం సరుకులో లోపాలు పట్టడం. ఇన్‌స్పెక్టరు. ఫ్యాక్టరీలో ఎర్ర టేపు అతికించిన బల్ల ఒకటి ఉంటుందట, పనికిరాని ముక్కల్ని దాని మీద పెడతారు, చేసినవాడు వచ్చిపోతూ చూసుకుని సిగ్గుపడాలని. ఆ పద్ధతి ఆయనకు ఎంత నచ్చిందంటే ఇంటికి తెచ్చుకున్నాడు. హాల్లో టీవీ పక్కన ఒక అర. ఇస్త్రీలో కాలర్ మాడిన చొక్కా వారం రోజులు అందులో ఉంది. అంచు ఎగిరిన కప్పు నెల రోజులుంది. పాప నాలుగో పుట్టినరోజుకి నడుం కుంగిన కేకు చీమలు పట్టేదాకా ఉంది. ఆయన చెప్పేవరకూ ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఇంటికొచ్చిన వాళ్ళకి ఆయనే చూపిస్తాడు, “ఇది మా ఆవిడ ప్రదర్శనశాల” అని. వాళ్ళు నవ్వుతారు. ఆమె కూడా టీ ట్రే పట్టుకుని నవ్వుతుంది, పళ్ళు కనిపించేలా.

ఒకసారి వాళ్ళక్క దగ్గర నోరు విప్పబోయింది. “కొట్టాడా?” అంది అక్క. లేదు. “తాగుతాడా?” లేదు. “మరింకేం కావాలే నీకు?” అంది. అరలో పెడతాడక్కా అని చెప్పబోయి ఆమే ఆగిపోయింది. ఆ మాట బయటికొస్తే ఎంత వెర్రిగా ఉంటుందో! చొక్కాని అరలో పెడితే ఒక మనిషికి రాత్రిళ్ళు నిద్రెందుకు పట్టదో ఏ భాషలో చెప్తాం?

అందుకని ఆమె ఒక ఉపాయం నేర్చుకుంది. తినేయడం. మాడిన అంచు, విరిగిన ముక్క, ఉప్పెక్కువైన కూర, ఏదైనా సరే, ఆయన చూపు పడకముందే సింకు దగ్గర నిలబడి గబగబా నోట్లో కుక్కుకునేది. చెత్తబుట్టలో వేస్తే కనబడుతుంది. కడుపులో వేస్తే కనబడదు. ఏడేళ్ళుగా తన తప్పులన్నీ తనే అరిగించుకుంటోంది. “తినేది చూస్తే పిట్టంత, ఒళ్ళెక్కడినుంచి వస్తోందే నీకు?” అని ఆయన అడిగినప్పుడు నీళ్ళు నమిలి ఊరుకునేది.

ఆ పొద్దున ఐదింటికి లేచి పిండి కలిపింది. పన్నెండేసి చొప్పున నాలుగు వాయిలు ఓవెన్లో పెట్టాలి. అత్తగారు బల్ల దగ్గర కూర్చుని అచ్చుల్లో కాగితం కప్పులు సర్దుతూ పచ్చరంగు కొబ్బరి వంక చూసింది.

“ఇదేం గడ్డి తల్లీ? వచ్చేది మనుషులా, మేకలా?”

“గూళ్ళత్తయ్యా. కోడిపిల్లలు కూర్చోడానికి.”

“కూర్చోబెట్టి తల కొరుక్కు తినడమేగా. దానికి మళ్ళీ పరుపొకటి!”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే గోడ గడియారం చూసింది. నవ్వు ఆగిపోయింది.

ఆరేళ్ళ కూతురు గువ్వ నేల మీద మఠం వేసుకుని కోడిపిల్లల్ని విడదీస్తోంది. పొట్లంలో అవి పక్కపక్కన అతుక్కుని ఉంటాయి. మెల్లగా లాగాలి. లాగిన చోట తెల్లగా, జిగటగా చర్మం లేచినట్టుంటుంది. అక్కడ కాస్త చక్కెర అద్దాలి. గువ్వ ఊపిరి బిగబట్టి చేస్తోంది. పాట లేదు, ప్రశ్న లేదు, ఒక్కటి నోట్లో వేసుకోనా అన్న మారాం లేదు. చూసినవాళ్ళంతా ఎంత బుద్ధిమంతురాలో అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా తల్లికి ఎక్కడో కలుక్కుమంటుంది. ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించే తీరికేది?

ఇంటి పనుల మధ్య ఆఖరి వాయి దించేసరికి పన్నెండు దాటింది. కంగారులో ఒక తప్పు చేసింది. క్రీము ఆగుతుందో లేదో చూద్దామని ఇంకా వేడిగా ఉన్న కేకు మీదే రాసి కోడిపిల్లని నిలబెట్టింది. క్రీము నూనెలా జారింది. కోడిపిల్ల మెడ వాల్చి, ముక్కూ మొహం కలిసిపోయి, పసుప్పచ్చటి చీమిడిలా కప్పు అంచున వేలాడింది. ఆమె వెనక్కి తిరిగి వాకిలి చూసింది. ఆయన కుర్చీలు తేవడానికి వెళ్ళాడు, ఇంట్లో లేడు, ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా చూసింది. మరుక్షణం కేకుతో సహా కోడిపిల్లని నోట్లో పెట్టుకుంది. నాలుక చుర్రుమని కాలింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గుటక వేసి తల తిప్పేసరికి గువ్వ తననే చూస్తోంది.

“బాగుందమ్మా,” అంది ఆమె, ఏదో ఒకటి అనాలి కాబట్టి. గువ్వ తలూపింది.

కేకులు చల్లారేదాకా స్నానం చేసి, హాలు తుడిచి, మళ్ళీ వంటింట్లోకి వచ్చేసరికి రెండు. నలభై ఏడు కేకులకీ క్రీము పెట్టింది, గూళ్ళు కట్టింది. కోడిపిల్లల పళ్ళెం ముందుకు లాక్కుని ఒక్కొక్కటే కూర్చోబెట్టసాగింది. పళ్ళెం ఖాళీ అయింది. గూళ్ళు మిగిలాయి. తొమ్మిది.

ఆమె బల్ల కింద చూసింది. చెత్తబుట్ట బోర్లించింది. ఫ్రిజ్ తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. ఒకటంటే ఏదో చెప్పొచ్చు. తొమ్మిదికి ఏం చెబుతాం? బజారుకెళ్ళి తెద్దామంటే పండగపూట కొట్లన్నీ మూత.

“నా వంక చూస్తావేం?” అంది అత్తగారు. “నాకు చక్కెర జబ్బని మర్చిపోయావా?”

“గువ్వేదత్తయ్యా?”

గువ్వ పడకగదిలో బీరువాకీ గోడకీ మధ్య సందులో దొరికింది. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, పెదాల చుట్టూ చక్కెర రేణువులతో, చెమటతో. కడుపు పట్టుకుని ఉంది. బుగ్గ ఒకటి ఉబ్బి ఉంది. నోట్లో ఇంకా ఉంది, మింగలేకపోతోంది.

“ఉమ్మెయ్ తల్లీ, ఉమ్మెయ్.” ఆమె అరచెయ్యి పట్టింది. పిల్ల అడ్డంగా తలూపి, కళ్ళు మూసుకుని బలవంతాన మింగింది.

“ఎందుకు తిన్నావే? ఆకలేసిందా?”

“వాటికి కళ్ళు లేవమ్మా,” అంది గువ్వ గుసగుసగా. “కొన్నిటికి చుక్కలు పెట్టడం మర్చిపోయారు. నాన్న చూస్తే నిన్ను అరలో పెడతాడు.”

నిన్ను అంది. కేకుని అనలేదు.

ఆమె పిల్ల తల నిమిరింది. “అలా తినకూడదమ్మా, జబ్బు చేస్తుంది,” అంది.

“చెయ్యదు. నువ్వు తింటావుగా.” గువ్వ, తల్లి కోపంగా లేదని నమ్మకం కుదిరాక, గొప్పగా ఇంకో మాట చెప్పింది. “బళ్ళో లెక్క తప్పైతే కాగితం కూడా తినేస్తాను. రబ్బరుతో చెరిపితే మరక కనిపిస్తుంది కదా. చిన్న చిన్న ముక్కలు చేసి నీళ్ళు తాగితే దిగిపోతుంది. ఎవ్వరికీ తెలీదు.”

అదీ సంగతి. రెండు నెలలుగా పిల్లకి కడుపునొప్పి. నులిపురుగుల మందు వేశారు, అరుగుదల మందు వేశారు. డాక్టరు దగ్గర ఆమె కుర్చీ అంచున కూర్చుని, పెట్టేది సరిగ్గా పెడుతున్నావా అని అడిగితే దోషిలా తలదించుకుంది. ఇప్పుడు బీరువా పక్కన నేల మీద కూలబడింది. ఆయనకు భయపడటం ఆమెకు అలవాటే. ఈ భయం వేరే. ఈ చక్కెర మూతి, ఈ నెమ్మదితనం, ఈ గుటక వెయ్యడం, ఇవన్నీ ఎవరు నేర్పారు? ఆయన అర పెట్టాడు నిజమే. మింగడం మాత్రం తనే నేర్పింది, రోజుకు మూడు పూటలు, పిల్ల కళ్ళముందు.

మూడున్నరకి ఆయన వచ్చాడు. కుర్చీలు సర్దించి, చేతులు కడుక్కుని బల్ల దగ్గరకొచ్చాడు. వేలితో గాలిలో లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. గువ్వ ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

“ముప్పై ఎనిమిదే ఉన్నాయి. మిగతా పదీ ఏవి?”

నేనే తిన్నానండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తేలిక! ఒక వారం అర, నాలుగు వెక్కిరింపులు, అయిపోతుంది. ఆమె నోరు తెరిచేలోపే అత్తగారు అంది, “నేనే తిన్నానురా. నోరాగలేదు.”

ఆయన తల్లి వంక చూశాడు. “నీకు చక్కెర జబ్బు కదమ్మా. నీక్కూడా ఓ అర కేటాయించాలేమో!” అని నవ్వాడు.

ముసలావిడ కూడా నవ్వింది, పళ్ళు కనిపించేలా. ఆ నవ్వు తనదేనని ఆమె గుర్తుపట్టింది. మామగారు పోయి పదేళ్ళైనా, ఆయన ముందు నవ్వీ నవ్వీ అలవాటైన ఆ నవ్వు అత్తగారికి ఇంకా అరగలేదు. కిందికి చూస్తే గువ్వ కూడా తల పైకెత్తి నవ్వడానికి ప్రయత్నిస్తోంది.

“ఒకటి నేను తిన్నాను,” అంది ఆమె. “తొమ్మిది మీ కూతురు తిన్నది. కళ్ళు లేని కోడిపిల్లలు మీ కంటపడతాయని తిన్నది. బళ్ళో తప్పు రాసిన కాగితాలు కూడా తింటోంది. దాని కడుపునొప్పి అదే.”

ఆయన నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. ఆ చూపు వస్తే ఆమె మామూలుగా రెండడుగులు వెనక్కి వేస్తుంది. ఇప్పుడు వెనక గోడ ఉంది.

అప్పుడే గుమ్మం దగ్గర గంట మోగింది. బయట నవ్వులు, పిల్లల చెప్పుల చప్పుడు.

“మేనేజరుగారొచ్చారు,” అన్నాడాయన పంటి బిగువున. “ఈ నాటకం తర్వాత చూద్దాం. వెళ్ళి తలుపు తియ్యి.”

గంట మళ్ళీ మోగింది. ఆమె వెళ్ళి తలుపుకి వీపు ఆనించి నిలబడింది, గడియ మీద చెయ్యి వేసి.

“తీస్తాను. ముందు గువ్వ ఎదురుగా కూర్చుని, తప్పు చేస్తే ఏమీ కాదని మీ నోటితో చెప్పండి. అందాకా వాళ్ళు బయటే ఉంటారు.”