కాయిసే కారు పలికిన పేరు

ఇది చిన్న కథ. కాయిసే పాత కారు ఒకటి కొన్నాడు, అది స్టార్ట్ కాలేదు, తర్వాత అయింది. పొయ్యి మీద నీళ్ళు కాగేలోపు చెప్పేయొచ్చు. కాకపోతే మా వీధిలో కార్లు ఎలా స్టార్ట్ అవుతాయో ముందు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

ప్రిటోరియాకు గంట దూరంలో ఉన్న మా కాట్లెహాంగ్‌లో శనివారం పొద్దున్నే ఎవరి గేటు ముందు వాళ్ళు కారు కడుగుతారు. వంటింట్లో గిన్నెలు రెండు రోజులుగా పడి ఉన్నా సరే, కారు మాత్రం కడుగుతారు. మూలింటి మాజ్వానే నూనెలో మాగ్వినియా పిండి ఉండలు వేయిస్తూ, ఎవరి కారు ఎంత మెరుస్తోందో, దాని కిస్తీ ఎన్ని నెలలుగా కట్టలేదో కొనేవాళ్ళకు ఉచితంగా చెబుతుంది. కడిగాక ఎక్కి కూర్చుని తాళం తిప్పుతారు. తాళంతో అయ్యేది సగం పని. మిగతా సగానికి వంశం పేర్లు పిలవాలి. ఇంటిపేరుకు వెనకున్న పెద్దలందరినీ బిరుదులతో సహా వరసగా పిలిస్తే ఇంజన్ లేస్తుంది. గట్టిగా పిలిచేవాళ్ళున్నారు, నసిగేవాళ్ళున్నారు. చనిపోయినవాళ్ళను తలుచుకోవడం పాపమని ఆదివారం ఆదివారం అరిచే పాస్టర్ గుమేడే అద్దాలు పూర్తిగా ఎక్కించుకుని, స్టీరింగ్ మీదికి వంగి గుసగుసలాడతాడు. ప్రార్థన చేసుకుంటున్నానంటాడు. మినీబస్ టాక్సీలకు మాత్రం ఈ పట్టింపు లేదు, అవి ఎవరు తిట్టినా కదులుతాయి.

కారు చేతులు మారినప్పుడు అమ్మినవాడు తన పెద్దలకు చెప్పి వదిలించాలి. కొన్నవాడు తన పెద్దలకు చెప్పి అప్పగించాలి. కాగితాలు ఆ తర్వాత సంగతి.

ఇప్పుడు కారు గురించి. తెల్లటి గుషేషే, ఆ రకం కారుకు మావాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరది. డబ్బా లాంటి ఒళ్ళు, వెనక నల్లటి రెక్క. ముప్పై ఏళ్ళ కిందట పందేల కోసమని ఈ దేశంలోనే, ఈ దేశం కోసమే, కొన్ని వందలు మాత్రం చేశారు. వాటిలో సగం గోడలకు గుద్దుకుని పోయాయి. మిగిలినవాటిలో ఒకటి అల్ఫియస్ మ్ఖీజేది. టైర్ల దుకాణం అమ్ముకుని ఇంట్లో కూర్చున్న పెద్దమనిషి. ఆదివారం మధ్యాహ్నం మైదానంలో ఆ కారును బొంగరంలా తిప్పుతుంటే, పొగలో ఆయన టోపీ తప్ప ఇంకేం కనిపించేది కాదు. పిల్లల్లేరు. భార్య మాసొఖులు ఎన్ని చెట్ల వేళ్ళు ఉడకబెట్టి తాగిందో, ఎన్ని ఊళ్ళ వైద్యుల గుమ్మాలెక్కిందో వీధికంతా తెలుసు. లోపం ఆమెదేనని కూడా వీధే తేల్చేసింది.

"నా తర్వాత దీన్నెవరు తిప్పుతారు? అమ్మేస్తా" అన్నాడు అల్ఫియస్ ఒకరోజు.

ప్రిటోరియా నుంచి ఒకాయన వచ్చి బానెట్ కింద టార్చి వేసి చూసి, అడిగినదానికి రెట్టింపు ఇస్తానన్నాడు. అల్ఫియస్ ఆయనకు టీ ఇచ్చి పంపేసి, కారును కాయిసే హదేబేకి సగం ధరకు ఇచ్చాడు. కాయిసే రైల్వే షెడ్డులో వెల్డరు, ముప్పై ఎనిమిదేళ్ళవాడు. "అల్ఫియస్‌ది ఎంత పెద్ద మనసో" అని వీధిలో పెద్దవాళ్ళంతా అన్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

కాయిసేకి ఆ కారు సరదా కోసం కాదు. వాళ్ళ నాన్న ఎలియాస్ హదేబే ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపాడు. ఆ గుషేషే రోడ్డు పక్కన కనిపిస్తే చాలు, వెనక ప్రయాణికులు తిడుతున్నా బస్సును నెమ్మది చేసి చూసేవాడు. ఆసుపత్రిలో ఆఖరి వారం కొడుకు చెయ్యి పట్టుకుని, "ఎప్పటికైనా ఆ బండిలో రారా నా దగ్గరికి" అన్నాడు. వస్తానని మాటిచ్చాడు కాయిసే. రెండేళ్ళయింది. సమాధికి రాయి చేయించారు. శనివారం దాని మీద గుడ్డ తీసే కార్యం. అంతకు ముందు వారం శుక్రవారం కొన్నాడు కారు. తీరిగ్గా ఒక వారం ఉందనుకున్నాడు పాపం.

అల్ఫియస్ పద్ధతి తప్పలేదు. ఆదివారం పెరటి గుడిసెలో ఇంపెఫో ఆకు పొగ వేసి, బండి మన గడప దాటుతోందని పెద్దలకు చెప్పాడు. బయటికొచ్చి అందరి ముందూ తాళం తిప్పి, తన వంశం పేర్లు మూడుసార్లు పిలిచాడు. కారు దగ్గు కూడా దగ్గలేదు. "చూశారుగా, ఇక నాది కాదు" అని చేతులు దులుపుకున్నాడు. టాక్సీకి తాడు కట్టి కాయిసే ఇంటికి లాక్కొచ్చారు. తోవలో పలకరించనివాడు పాపాత్ముడు.

గురువారం సాయంత్రం హదేబేల ఇంట్లో అప్పగింత. కాయిసే అమ్మ మాజోండి మూడు రోజుల ముందే జొన్న బీరు పులియబెట్టింది. చిన్నాన్న జెకరియా, అంటే ఎలియాస్ తమ్ముడు, తెల్ల కోడిని కోసి, కారు చుట్టూ తిరిగి, "ఇది కాయిసే బండి. మీ రక్తంవాడు. వాణ్ణీ దీన్నీ కాపాడండి" అని చెప్పాడు. కాయిసే కొత్త చొక్కా వేసుకుని కూర్చుని తాళం తిప్పి, హదేబే పెద్దలను పిలిచాడు.

"భుంగానే! మ్తిమ్ఖులూ! కొమ్ములతో సహా ఎద్దును మింగిన మష్వబదా!"

కారు పలకలేదు.

"గొంతు పెంచరా, వాళ్ళు చచ్చి చాలా కాలమైంది, వినబడొద్దూ?" అన్నాడు జెకరియా. కాయిసే పెంచాడు. తర్వాత జెకరియానే ఎక్కి, మెడ నరాలు ఉబ్బేలా పిలిచాడు. పక్క వీధిలో కుక్కలు లేచాయి గానీ ఇంజన్ లేవలేదు.

అప్పటికి గేటు దగ్గర యాభై మంది. ఒక్కొక్కరూ సలహా. బ్యాటరీ అన్నారు, కోడి చిన్నదైంది అన్నారు. "బీరు పలచగా ఉంది, నేనయినా పలికేదాన్ని కాదు" అంది మాజ్వానే మూడో లోటా తాగుతూ. ఎందుకైనా మంచిదని పాస్టర్ గుమేడే కూడా ఎక్కి ప్రార్థన చేసుకున్నాడు. ఫలితం లేదు.

కాయిసే మొహం నల్లబడింది. "అల్ఫియస్ వదిలించలేదు. పైకి నాటకమాడి, లోపల వాళ్ళ పెద్దల దగ్గరే కట్టేసి ఉంచాడు. అందుకేగా సగం ధర!" అంటూ చరచరా అల్ఫియస్ ఇంటికి నడిచాడు. జనం కూడా నడిచారు. అంతమంది మా వీధిలో చర్చికి కూడా నడవరు.

అల్ఫియస్ వరండాలో ఉన్నాడు.

"బాబా, మా నాన్న సమాధి కార్యానికని కొన్నాను. మీకు చేతులెలా వచ్చాయి?"

"నేను వదిలేశాను కాయిసే. నువ్వూ చూశావుగా."

"అయితే వచ్చి మీ పేర్లు పిలవండి. పలక్కపోతే అందరి ముందూ మీ కాళ్ళు పట్టుకుంటా."

"నేను పిలవను" అన్నాడు అల్ఫియస్.

"ఎందుకని?"

"నాకు మోకాళ్ళ నొప్పి."

పేర్లు పిలవడానికి మోకాళ్ళతో ఏం పనో ఎవరూ అడగలేదు. లోపల్నుంచి మాసొఖులు వచ్చింది, చేతులు నడుముకు కట్టుకున్న వంట గుడ్డకు తుడుచుకుంటూ. నలభై ఏళ్ళ కాపురంలో భర్తను ఎవరైనా ఒక మాటంటే ఊరుకున్న మనిషి కాదు.

"ఆయన్ని దొంగంటావురా? పద, నేనొస్తా. మ్ఖీజే ఇంటి కోడల్ని, నా నోటికీ పలకాలిగా. పలక్కపోతే నువ్వు నాక్కూడా క్షమాపణ చెప్పాలి."

"మాసొఖులూ, వద్దు" అన్నాడు అల్ఫియస్.

"మీరుండండి. మీ మంచితనమే మిమ్మల్ని ముంచుతోంది."

అలా ఆవిడే నడిచి వెళ్ళింది, అందరికంటే ముందు. చెప్పులు కూడా మార్చుకోలేదు. కారు తలుపు తెరిచి కూర్చుని, జనం వైపు ఒకసారి చూసి, తాళం తిప్పి మ్ఖీజే పెద్దలను పిలిచింది.

"ఖబజేలా! మవోవో బిడ్డా!"

రెండో పేరు పూర్తికాకముందే ఇంజన్ లేచింది. గుషేషే ఇంజన్ చప్పుడు ఎలా ఉంటుందో విన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. కిటికీ అద్దాలు అదిరాయి.

"చూశారా! మోసం!" కాయిసే అరిచాడు.

వాడు చుట్టూ చూశాడు. జెకరియా బీరు కుండలో ఏదో పడినట్టు వెతుకుతున్నాడు. మాజ్వానేకు హఠాత్తుగా పొయ్యి మీద నూనె గుర్తొచ్చింది. అరవై దాటినవాళ్ళంతా తమ బూట్లు కొత్తగా కొన్నట్టు చూసుకుంటున్నారు. మాజోండి అప్పటికే వంటింట్లో ఉంది. తరిగిన ఉల్లిపాయలనే మళ్ళీ తరుగుతోంది.

మాసొఖులు ఇంజన్ ఆపలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి లెక్క వేసుకుంది. ఆదివారం తన కళ్ళ ముందే భర్త నోటికి పలకని బండి. ఇవాళ వీళ్ళ ఇంట్లో, ఈ కుర్రవాడి పేరు చెప్పి, వీడి రక్తానికి అప్పగించిన బండి.

"మోసమే నాయనా" అంది చివరికి. "నువ్వనుకున్నది కాదు." దిగి, తలుపు నెమ్మదిగా వేసి, వీధి చివరిదాకా నడిచి, తన ఇల్లు దాటి ఇంకా ముందుకు వెళ్ళిపోయింది.

కాయిసేకి అర్థమవడానికి ట్యాంకులో పెట్రోలు సగం అయ్యేంత సమయం పట్టింది. వంటింట్లోకి వెళ్ళాడు.

"అమ్మా."

"మన కట్టుబాటేంటి? పెళ్ళికి పశువులు ఎవరిచ్చారో పిల్లలు వాళ్ళ బిడ్డలు. పదకొండు ఆవులు మీ నాన్నే ఇచ్చాడు. పంచాయతీకెళ్ళినా, దేశంలో ఏ పెద్దమనిషినడిగినా నువ్వు హదేబేవే."

"కారు ఆవుల్ని అడగలేదమ్మా."

మాజోండి కత్తి కింద పెట్టింది.

"నాన్నకు తెలుసా?"

"తెలుసు."

"ఏమన్నాడు?"

"ఏమన్లేదు. నీకు పేరు పెట్టాడు."

వాడి పూర్తి పేరు మ్జికాయిసే. తండ్రి ఇల్లు అని అర్థం. అంతకాలం వాడది మామూలు పేరనే అనుకున్నాడు.

"మరి ఆ బండే ఎందుకు అడిగాడు నన్ను? ఆ అల్ఫియస్ బండే?"

"మీ నాన్నకు కార్లంటే ఇష్టం" అంది మాజోండి. అంతకుమించి చెప్పలేదు, ఆమెకు తెలిసి చెప్పలేదో తెలియక చెప్పలేదో మాజ్వానే కూడా ఇప్పటివరకు తేల్చలేకపోయింది.

"ఎంతమందికి తెలుసు?"

"పెద్దవాళ్ళకే" అంది, అదేదో ఊరట అయినట్టు.

శుక్రవారం జెకరియా వచ్చి గోడకు ఆనుకుని నిలబడి నచ్చజెప్పాడు. "రెండు మాటలేగా. దగ్గినట్టు అనేసి పోనియ్. మీ నాన్నకిచ్చిన మాట నిలబడుతుంది."

"నాన్న సమాధి దగ్గరికి ఇంకొకడి వంశాన్ని పిలుచుకుంటూ వెళ్ళమంటావా చిన్నాన్నా?"

"అయితే తాడు కట్టి లాగుదాం."

"ఈ వీధిలో మీరంతా కలిసి నన్ను లాగింది చాలు."

జెకరియా గోడను వదిలి వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున బంధువులంతా నల్ల బట్టలతో వచ్చారు. బస్సు ఒకటి మాట్లాడారు. కాయిసే సూటు వేసుకుని కారులో కూర్చున్నాడు. తాళం పెట్టాడు. నోరు మాత్రం తెరవలేదు. బస్సు హారను కొట్టింది. రెండోసారి కొట్టింది. బండి లేకుండా వెళ్తే మాట తప్పినట్టు, పేర్లు పిలిచి వెళ్తే తండ్రిని వదులుకున్నట్టు. మేం కిటికీలోంచి చూస్తూ టీ తాగాం.

అప్పుడు వచ్చింది మాసొఖులు, వీధి ఆ చివర నుంచి. చర్చి టోపీ, భుజాల మీద దుప్పటి. గురువారం నుంచి ఎక్కడుందో ఎవరికీ తెలీదు, మాకు తెలియకుండా ఎవరైనా రెండు రోజులు ఉండడం అదే మొదలు. వెనక అల్ఫియస్ టోపీ లేకుండా పరిగెత్తుతూ వస్తున్నాడు, మోకాళ్ళు బాగానే పనిచేస్తున్నాయి. ఆమె వెనక్కి తిరగలేదు. ఇటు పక్క తలుపు తెరిచి, కాయిసే పక్కన కూర్చుని, టోపీ సర్దుకుంది.

"తాళం తిప్పు" అంది. "మాటలు నేను చెబుతా. నువ్వు ముంగిలా కూర్చో."

"మీకెందుకమ్మా ఈ బాధ?"

"నలభై ఏళ్ళు పిలిచానురా ఆ పేర్లను. చేదు కషాయం తాగిన ప్రతిసారీ, ఒక్క బిడ్డనివ్వమని. ఒక్కడూ పలకలేదు." గొంతు సవరించుకుంది. "ఇదొక్కటే పలికింది. తిప్పు."

కాయిసే తాళం తిప్పాడు. ఆమె పిలిచింది. కారు లేచింది. అల్ఫియస్ గేటు దాకా వచ్చేసరికి మూల తిరిగిపోయింది.

ఎలియాస్ సమాధి దగ్గర గుడ్డ తీసినప్పుడు కాయిసే హదేబే వంశం పేర్లన్నీ పిలిచాడు, ఒక్కటీ వదలకుండా. మాసొఖులు కారులోనే కూర్చుని ఉంది. ఇంజన్ ఆపలేదు.

సాయంత్రం మాసొఖులు సామాను తెచ్చుకుని హదేబేల వెనక గదిలో దిగింది. కాయిసే రమ్మన్నాడు. మాజోండి ఆమెతో ఒకే కప్పు కింద ఉండలేక, ఆ రాత్రే పెట్టె కట్టుకుని, నడిచి వెళ్ళి, అల్ఫియస్ ఇంటి తలుపు కొట్టింది. ఆయన తీశాడు. ఇప్పుడు అక్కడే ఉంటోంది.